బయాలజీ పీరియడ్లో కరెంటు పాఠం

కైసర్ టీచర్ ఇరవై రెండేళ్లుగా జీవశాస్త్రం చెబుతోంది. రోజూ పొద్దున్నే భూపాలపల్లిలో బస్సెక్కి, కాటారం దాటాక దిగి, అడవి అంచున ఉన్న హైస్కూలుకు కిలోమీటరు నడుస్తుంది. ఆ ఏడు ఆగస్టులో ఫిజిక్స్ సారు బదిలీ మీద వెళ్లిపోయారు. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. హెడ్మాస్టర్ భూపాల్ ఆమెను పిలిచి, పదో తరగతి బయాలజీ పీరియడ్లలో ఫిజిక్స్ చెప్పమన్నాడు.

"మరి బయాలజీ ఎప్పుడు చెప్పాలె సార్?"

"అది పిల్లలు ఇంటికాడ చదువుకుంటరు మేడం. ఫిజిక్స్‌ల ఫెయిలైతే నన్నడుగుతరు."

"మార్కులు రెండిటికీ ఒకటే కద."

"మార్కులు ఒకటే. ఫెయిలయ్యేటోళ్ల లెక్క ఒకటి కాదు."

ఆయన కూడా అలసిపోయే ఉన్నాడు.

కైసర్ గుండె పాఠం సగంలో ఆపేసి విద్యుత్తు మొదలుపెట్టింది. ఎప్పుడో వదిలేసిన సంగతులు బస్సులో చదువుకుంటూ వచ్చి తరగతిలో అప్పజెప్పేది. ఒకరోజు బోర్డు మీద బ్యాటరీ, బల్బు గీస్తుంటే లత లేచి నిలబడింది. తండా నుంచి వచ్చే పిల్ల, ఎప్పుడూ ఏదీ అడగదు.

"టీచర్, పందులు రాకుంట మా మక్కచేను చుట్టు తీగ కట్టి కరెంటిస్తరు. మొన్న ఒక పంది తాకి సచ్చింది. మనిషి తాకితె గూడ గంతేనా?"

తరగతిలో చాలామంది మొక్కజొన్న చేలకు అదే తీగ.

"ఎవరు పెట్టిండ్రు?"

"మా బాపు. అమ్మ తెల్లారంగనే గడ్డికి గా దిక్కే పోతది, చెప్పుల్లేకుంట."

కైసర్ సుద్దముక్క కింద పెట్టింది. తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడితే కరెంటు ఒంట్లోంచి ఏ దారిన పోతుందో ఫిజిక్స్ చెబుతుంది. గుండె ఎందుకు ఆగుతుందో తాను ఆపేసిన పాఠం చెబుతుంది. ఆరోజు రెండూ చెప్పింది. గంట కొట్టాక కూడా చెప్పింది.

సాయంత్రం బస్సు వదిలేసి లతతో తండాకు నడిచింది. లత తండ్రి వాల్యా మంచం వాల్చాడు. తల్లి కమలాబాయి నీళ్లిచ్చింది.

"తీగ తీసెయ్యి అన్నా."

"తీస్తె పందులు ఒక్క కంకి ఉంచయి టీచరమ్మా. నువ్వైతె ఏం జేస్తవు?"

"గుండె ఒంట్ల పుట్టే చిన్న కరెంటుతోనే కొట్టుకుంటది. బయటి కరెంటు సొచ్చిందంటె అది ఆగమైతది. దవాఖాన దాక గూడ పోనియ్యదు," అని మాత్రం చెప్పింది కైసర్.

వాల్యా భార్య కాళ్ల వైపు చూశాడు.

మర్నాడు తీగ తీసేశాడు. ఆ వారం నుంచే లత బడికి రావడం మానేసింది. భార్యాభర్తలు రాత్రంతా మంచె మీద మేలుకొని కాపలా కాస్తున్నారు. పగలు ఇంటి పని, మేకలు లత మీద పడ్డాయి.

"ఆ పిల్ల ఎందుకొస్తలేదు?" అని భూపాల్ అడిగాడు.

"నేనే ఆపిన సార్." జరిగిందంతా చెప్పింది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఫిజిక్స్ ఎందాక వచ్చింది?"

"కరెంటు పాఠం కాడ్నే ఉన్న."



మక్కలు విరిచాక లత వచ్చింది. మనిషి చిక్కిపోయింది. పందులు తినగా సగం పంట దక్కిందట.

"రెండు సైన్సుల పాఠాలు పోయినయ్ టీచర్. ముందు ఏది చదువాలె?"

"ఏదో ఒకటి తియ్యి," అంది కైసర్.

లత సంచిలో చేతికి దొరికిన పుస్తకం తీసింది. నిలబడి చెప్పే ఓపిక లేక, కైసర్ ఆ పిల్ల పక్కనే బెంచీ మీద కూర్చుంది.