హన్నమ్మ కంటి ఉప్పు

తిరువూరులో మామిడికాయలు దిగే రోజులొస్తే మేరమ్మ గిన్నె పట్టుకుని పక్కింటి హన్నమ్మ దగ్గరికి ఉప్పుకొచ్చేది. హన్నమ్మ అరుగు మీద కూర్చుని, పోయిన భర్త ఏబెల్‌ని తలుచుకుని కాసేపు ఏడ్చేది. కంట్లోంచి కల్లుప్పు టకటకా స్టీలు పళ్లెంలో రాలేది. ఆ ఉప్పేస్తే ఆవకాయ మూడేళ్లయినా చెడదని గంపలగూడెం నుంచి కూడా ఆటోల్లో వచ్చేవాళ్లు. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయి కాబట్టి పళ్లెం కింద పెట్టేది, వాళ్లు తీసుకునేవాళ్లు.

పోయినేడు ఆ ఉప్పు గులాబీ రంగు తిరిగింది. పాడైందని అందరూ మూతి తిప్పి పారబోశారు. మనవరాలు హెప్సిబా మాత్రం గుప్పెడు దాచింది. కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెబుతూ ఏడేళ్లుగా పీహెచ్‌డీ ఈడుస్తున్న పిల్ల. ఆ గుప్పెట్లో ఉప్పు లేనిదే బతకని బాక్టీరియా దొరికింది. దాని జన్యువుల్ని తెలిసిన జాతులన్నిటితో పోల్చి చూస్తే దేనితోనూ కలవలేదు. కొత్త జాతే. కానీ పేరు పెట్టాలంటే ప్రాణమున్న నమూనాను రెండు దేశాల్లో భద్రపరచాలి. కాలేజీలో కరెంటుకి నమ్మకం లేక, పెంచిన మూడు గాజు గొట్టాలనీ ఇంటి ఫ్రిజ్‌లో పెట్టుకుంది. నెలాఖరులోగా పంపకపోతే పీహెచ్‌డీ రద్దేనని గైడు తేల్చేశాడు.

ఓ శనివారం ఇంటికొచ్చేసరికి ఆ గొట్టాలు పెరట్లో బోర్లించి ఉన్నాయి. తల్లి సామ్రాజ్యం ఆవకాయ సీసాలు కడుగుతూ, వీటికేదో బూజు పట్టిందనుకుని మంచినీళ్లతో శుభ్రంగా తోమింది. ఉప్పులో పుట్టిన ఆ ప్రాణులు మంచినీళ్లు తగిలితే పగిలి చస్తాయి.

దాచిన గుప్పెడూ పరీక్షలకే అయిపోయింది, కొత్త ఉప్పుకీ దారి లేదు. శుక్లాల ఆపరేషనయ్యాక హన్నమ్మ కళ్లు మామూలైపోయాయి. పాపం, ఉల్లిపాయలు కోసింది, ఏబెల్‌ని తలుచుకుంది, ఒక్క గల్లూ రాలలేదు.

"ఏం చెయ్యనే, మీ తాత గుర్తొస్తే ఇప్పుడు నవ్వే వస్తోంది."

సామ్రాజ్యం కూతురి పక్కన చతికిలబడింది. "నీ ఏడేళ్లూ ఈ చేత్తోనే కడిగేశానమ్మా."

తాత శవం దగ్గర కూడా కన్ను తడవని పిల్ల హెప్సిబా. తల్లి మాటకి గుండె కలుక్కుమంది. ఒళ్లో ఏదో టక్కున పడింది. చూస్తే గులాబీ రంగు ఉప్పుగల్లు. ఇంకోటి పడింది. తన కంట్లోంచే.

హన్నమ్మ పళ్లెం తెచ్చి మనవరాలి గడ్డం కింద పెట్టింది. "కదలకు. ఒక్క గల్లు కూడా నేలపాలు కాకూడదు."

నెలాఖరుకి కొత్త గొట్టాలు వెళ్లాయి. వాటితో పంపే కాగితంలో 'ఎక్కడ దొరికింది' అన్న చోట హెప్సిబా, హన్నమ్మ పేరు కొట్టేసి తన పేరు రాసుకుంది. జాతికి మాత్రం నాన్నమ్మ పేరే పెట్టింది.

ఈ వేసవికి డాక్టర్ హెప్సిబా అయింది. మామిడికాయలు దిగాయి. ఆమె కంటి ఉప్పు సంగతీ, ఆ గులాబీ రంగు పాడవడం కాదనీ అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. మేరమ్మ వచ్చి గిన్నె తిన్నగా ఆమె ముందు పెట్టింది.

"ఏం తలుచుకుంటావో త్వరగా తలుచుకోమ్మా, కాయలు వాడిపోతాయి."

హెప్సిబా నాన్నమ్మ వంక చూసింది. హన్నమ్మ అప్పటికే అరుగు మీద పక్కకి జరిగి, ఆమెకి చోటిచ్చింది.