సూది దిగిన చోటు

కమ్మింగ్ అనే ఊళ్లోని ఆ ఇంట్లో పర్సిస్‌కి కాలు ఒక చోట నిలవడం లేదు. కూతురు ఫెబీ రేపు పొద్దున్నే కాలేజీ డార్మ్‌లో ఉండడానికి వెళ్లిపోతుంది. పిల్ల కోసం పర్సిస్ సూదులకీ దారాలకీ అరలు పెట్టి, చాపలా చుట్టి రిబ్బను కట్టుకునే గుడ్డసంచి కుట్టింది. “బ్యాగ్‌లో ఇంకేం పట్టదు మమ్మీ,” అనేసింది ఫెబీ.

పైగా ఆ సంచి కుట్టిన సూది మాయమైంది. సంచిలోనే ఉండిపోయి పిల్ల వేలికి దిగితే? పర్సిస్ అరలన్నీ ఆరా తీసింది. దారాలకి దారి దొరికింది గానీ సూదికి ఆచూకీ లేదు. కార్పెట్టంతా తడిమింది.

“ఏం వెతుకుతున్నావ్?”

“సూదే.”

“నీ చున్నీకే ఉంది.” ఫెబీ దాన్ని లాగి అందించబోయింది. పర్సిస్ చేతులు వెనక్కి పెట్టుకుంది.

“చేతికివ్వకు, పోట్లాటలొస్తాయి.”

“రోజూ పోట్లాడుతూనే ఉన్నాం కదా.”

“అవి ఎదురుగా ఉండి. రేపట్నుంచి ఫోన్లో పోట్లాడాలి, నావల్ల కాదు.”

ఫెబీ సంచి విప్పి, లోపలి ఉన్నిగుడ్డకి సూది గుచ్చి, చుట్టి, రిబ్బను కట్టింది. బ్యాగ్‌లోంచి బూట్లు తీసేసి అక్కడ దాన్ని సర్దింది.

“మరి బూట్లో?” అంది పర్సిస్, కార్పెట్ మీంచి మళ్లీ లేచి నిలబడి.

“వేసుకుని వెళ్తాలే. కూర్చో మమ్మీ.”