చూపవలసినది ఇదే

స్తాథిస్ కరవాస్ ఏ వాదననైనా చివరి మాటతోనే మొదలుపెడతాడు. గ్రీసులోని వోలోస్ రేవుకి ఎదురుగా ఉన్న కాఫీ కొట్లో చేపల ధర గురించైనా, చెత్తబండి గురించైనా ముందు తీర్పు చెబుతాడు. తరువాత గొంతు పెంచుతాడు. ఆఖరున బల్ల చరిచి, "చూపవలసినది ఇదే!" అంటాడు. బడిలో రేఖాగణితం నిరూపణల కింద రాసే ఆ మాటొక్కటే ఆయనకు గుర్తుండిపోయింది.

కూతురు మిర్తో జూన్‌లో ఆ రేఖాగణితమే తప్పింది. సెప్టెంబరులో కూడా తప్పితే మళ్ళీ అదే తరగతి.

తల్లి ఆసిమీనా జవాబు కాగితం తెప్పించుకుని చదివింది. నాలుగు నిరూపణలు. ప్రతిదానికీ మొదటి వాక్యం "ఇవి సమానమన్నది స్పష్టమే". చివరి వాక్యం "చూపవలసినది ఇదే". మధ్యలో ఏమీ లేదు. అక్షరాలు మాత్రం ముత్యాలు.

"ఇదెవరు నేర్పారే నీకు?"

"నేర్పేదేముందమ్మా, పటం చూస్తే కనిపిస్తోందిగా."

"ఏ త్రిభుజమైనా అన్నారు లెక్కలో. నువ్వు రెండు భుజాలూ సమానంగా గీసేసి, అరే సమానంగా ఉన్నాయే అని మురిసిపోయావు."

ఆసిమీనా ట్యూషన్ పెట్టించలేదు. భోజనాల బల్లే బడి అయింది. నియమం ఒక్కటే: నాన్న ఏమన్నా మిర్తో "దేనివల్ల?" అని అడగాలి.

"ఈ మేయరు దొంగ," అన్నాడు స్తాథిస్, వేయించిన చేప ముల్లు తీస్తూ.

"దేనివల్ల నాన్నా?"

"మొహం చూస్తే తెలియట్లా!"

"పటం చూసి చెప్పకూడదు."

"వాడి బావమరిది కొత్త కారు కొన్నాడే!"

"మామయ్యా కొన్నాడుగా. అయితే నువ్వూ దొంగవేనా?"

స్తాథిస్ ఫోర్కు కింద పెట్టాడు. "ఆసిమీనా! ఏం నేర్పుతున్నావు దీనికి?"

"రేఖాగణితం."

ఆగస్టు సగమయ్యేసరికి ఇంట్లో ఆయన మాట్లాడేది "ఆ ఉప్పు ఇలా ఇయ్యి" అన్నదొక్కటే. దానికి కారణం చెప్పక్కర్లేదు. ఎదురింటి వూలా వచ్చి, మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని పరామర్శించి వెళ్ళింది.

పరీక్ష రోజు మిర్తో నీరసంగా ఇల్లు చేరింది. "మూడో లెక్కలో ఒక వాక్యానికి కారణం దొరకలేదమ్మా. 'ఈ కోణాలు ఎందుకు సమానమో నాకు తెలియదు, సమానమే అనుకుంటే మిగతాది ఇలా వస్తుంది' అని రాశా. చివర 'చూపవలసినది' రాయలేదు. చూపలేదుగా."

"తెలియదని కాగితం మీద రాశావా? పేరు కూడా పెట్టి?" స్తాథిస్ కుర్చీలోంచి లేచాడు. "మా వంశంలో ఇంతపని ఎవరూ చెయ్యలేదు!"

ఆసిమీనా వంటింట్లోకి వెళ్ళింది. తోమిన పెనమే మళ్ళీ తోమింది.

వారానికి ఫలితాలు వచ్చాయి. ఇరవైకి పది వస్తే గట్టెక్కినట్టు. మిర్తోకి సరిగ్గా పది. బడి గేటు దగ్గర మాస్టారు ఆసిమీనాను ఆపాడు. "మూడో లెక్కకి సగం మార్కులు వేశానమ్మా. ఎక్కడ తెలియదో తెలిసినవాళ్ళను ఈ ఊళ్ళో మొదటిసారి చూశాను. ఆ సగమే గట్టెక్కించింది."

ఆ సాయంత్రం కాఫీ కొట్లో స్తాథిస్ అందరికీ కాఫీలు చెప్పాడు. "నా కూతురు పాసవుతుందని నాకు ముందే తెలుసు! తెలివి మా వైపుది! చూపవలసినది..." అంటూ చెయ్యెత్తాడు. పక్క బల్ల దగ్గర నిమ్మరసం తాగుతున్న మిర్తో కనుబొమలు పైకెత్తింది. ఆ ఊళ్ళో కాదనడానికి అంత చాలు.

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగి నీళ్ళ గ్లాసు మీద ఆగింది.

"...అనుకుంటాను," అన్నాడు స్తాథిస్.