కొట్టుగది తలుపు

చాదస్తానికి మందుందని రాయచూరు జిల్లా తుర్విహాళ చుట్టుపక్కల, ఆంధ్రా రైతులు వచ్చి కట్టుకున్న క్యాంపుల్లో ఎవరైనా అంటే, ముందు ఆ అన్నవాణ్ణే ఆసుపత్రికి తీసుకుపోయేవారు. వేసిన తలుపు మళ్లీ మళ్లీ తడిమి చూసుకునేవాళ్లూ, తోమిన చెంబే తోముకునేవాళ్లూ ఏ ఇంట్లో లేరు గనక? అలాంటి చోట డాక్టరు తాయప్ప అది జబ్బేననీ, దానికి కొత్త వైద్యం పరిశోధిస్తున్నాననీ చెప్పుకు తిరిగాడు. ఆయన సొంతూరు యరగేర. పేదరైతు ఇంట పుట్టి, హైదరాబాదులో చదివి, పిచ్చి డాక్టరన్న పేరు మోసుకుంటూ రాయచూరులో కొలువుకి వచ్చాడు. మనిషి మంచివాడే. తన తెలివి మీద కాస్త నమ్మకం ఎక్కువ, అంతే.

అప్పటిదాకా ఆ జబ్బుకి ఆయన చేతిలో ఉన్నవి నిద్రమాత్రలు, కరెంటు షాకు. వాటికి రోగి పడుకునేవాడు గానీ జబ్బు పడుకునేది కాదు. రోగి దేనికి భయపడతాడో దాన్నే ముట్టించి, తరవాత చెయ్యి కడుక్కోనివ్వకుండా కూర్చోబెడితే భయం దానంతటదే అలిసిపోతుందని ఇంగ్లీషు వైద్య పత్రికలో ఎవరో రాస్తే చదివాడు. ఆ నాలుగు ముక్కలూ పట్టుకుని రోగుల వెంట పడ్డాడు. ఒకడు గోడ దూకి పారిపోయాడు. ఒకాయన భార్య చీపురు తిరగేసింది. చివరికి నిలబడింది శివపార్వతి ఒక్కతే.

శివపార్వతి వాళ్లు కాలవ నీళ్లను నమ్ముకుని కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. భర్త బసవయ్య వరి వేసేవాడు. వరికి పురుగు, పురుగుకి ఎండ్రిను. ఖాళీ అయిందని పారేసిన ఎండ్రిను డబ్బా నాకి వాళ్ల దూడ వాకిట్లోనే కొట్టుకుని కొట్టుకుని చచ్చిపోయింది. ఆ రోజు నుంచీ తన చేతులకి ఆ విషం అంటుకునే ఉందని శివపార్వతికి అనుమానం పట్టుకుంది. చంటిపిల్ల కుసుమకి పాలు మాన్పించింది. ముట్టుకోవడమే మానేసింది. తెల్లారింది మొదలు నీళ్ల గోలెం దగ్గరే కూర్చుని సబ్బుతో, బూడిదతో, చింతపండుతో చేతులు తోముకునేది. చర్మం పగిలి నెత్తురు వచ్చినా ఆపేది కాదు.

పిల్లని రెండేళ్లపాటు అత్త రాజ్యలక్ష్మి గేదెపాలు పోసి పెంచింది. అది నిద్రపోతుంటే శివపార్వతి గుమ్మం అవతల నిలబడి చూస్తూ ఏడ్చేది. "నా బిడ్డని ఒక్కసారి ఎత్తుకునేలా చెయ్యండి డాక్టరు గారూ, ఇంకేం అడగను" అంది ఆయనతో. తాయప్పకి కళ్లు చెమర్చాయి. నయం చేస్తానని మాటిచ్చేశాడు. వైద్యుడు ఇవ్వకూడనిది అదొక్కటే, ఆయన ఇచ్చింది కూడా అదే.

పురుగుమందు డబ్బాలు ఇంటి కొట్టుగదిలో ఉండేవి. ఆమె ఆ తలుపు వైపు కన్నెత్తి చూసేది కాదు. తాయప్ప ముందు డబ్బాలన్నీ పొలంలో పాకకి పంపించాడు. ఖాళీ గదిని, తలుపుని దగ్గరుండి కడిగించాడు. అప్పుడు ఆమె అరచేయి ఆ తలుపుకి ఆనించమన్నాడు. ముట్టుకున్నాక కడుక్కోకూడదు. ఏం కాదులే అని ఇంట్లో ఎవరూ ఓదార్చకూడదు. గోలేనికి అడ్డంగా నులకమంచం వేసుకుని తనే కాపలా కూర్చున్నాడు. శివపార్వతి ఏడ్చింది, తిట్టింది, కాళ్లు పట్టుకుంది.

"ఏమైతది? కూసో అమ్మా. భయం వస్తది, పోతది" అన్నాడు ఆయన.

"మీరు మాట్లాడేది తెలుగేనా డాక్టరు గారూ?" అని రాజ్యలక్ష్మి కోడలి ఏడుపు మధ్యనే నవ్వింది.

ఎన్నో రోజులు అలా గడిచాక ఒక సాయంత్రం శివపార్వతి తలుపు ముట్టుకుని, ఆ చేత్తోనే కుసుమని ఎత్తుకుంది. పిల్ల కొత్త మనిషిని చూసినట్టు చూసి, తల్లి ముక్కుపుడక పట్టుకుంది. బసవయ్య చూడలేక దొడ్లోకి వెళ్లిపోయాడు. తాయప్ప రాయచూరు బస్సులో తనలో తను నవ్వుకుంటూ కూర్చుంటే, పక్కనున్నాయన కాస్త ఎడంగా జరిగాడు.

మళ్లీ ఆయన ఆ క్యాంపుకి వచ్చేసరికి రెండో పంటకి నారు పోస్తున్నారు. బెంగుళూరులో పెద్ద డాక్టర్ల సభ ఉంది. అక్కడ శివపార్వతి సంగతి చెప్పాలి. చెప్పే ముందు ఒకసారి కళ్లారా చూసుకుందామని వచ్చాడు. శివపార్వతి చేతులు నున్నగా మానిపోయాయి. గోలెం మీద మూత ఉంది. రాజ్యలక్ష్మి గుత్తివంకాయ చేసి వడ్డించింది. "దేవుడిలా వచ్చారు బాబూ" అన్నాడు బసవయ్య. తాయప్ప కాదనలేదు.

భోజనమై అరుగు మీద కూర్చున్నాడో లేదో, వాకిట్లో కుసుమ పరిగెత్తుతూ పడింది. మోకాలు చీరుకుపోయింది. శివపార్వతి ఒక్క ఉదుటున లేచింది. కానీ పరిగెత్తింది పిల్ల దగ్గరికి కాదు, కొట్టుగది దగ్గరికి. తలుపుకి అరచేయి ఆనించి వెనక్కి తిరిగింది. "ఏమే, దెబ్బ తగిలిందా?" అని అత్త వంటింట్లోంచి కేకేసింది. అంతే, శివపార్వతి ఆగిపోయి, మళ్లీ తలుపు దగ్గరికి వెళ్లి మొదటినుంచీ ముట్టుకుంది. పిల్ల ఏడవలేదు. నెత్తురు కారుతున్న మోకాలితో అలాగే నిలబడి తల్లి పని అయ్యేదాకా చూసింది. అది దానికి అలవాటే.

శివపార్వతి పిల్ల దగ్గరికి రాకముందే తాయప్ప అరుగు దిగి అడ్డం వచ్చాడు.

"ఏందమ్మా అది? తలుపెందుకు ముట్టినవ్?"

"మీరే కదండీ చెప్పారు. తలుపు ముట్టుకుని పిల్లని ఎత్తుకోమని."

"ముట్టకుండ ఎత్తుకుంటే?"

"చచ్చిపోతుంది" అంది శివపార్వతి. ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది. "మధ్యలో ఎవరన్నా పలకరిస్తే పనికిరాదు. మళ్లీ వెళ్లాలి. మీ పేరు తలుచుకుని ముట్టుకుంటాను. దీక్ష తప్పలేదండీ."

వినాయకుణ్ణి చేయబోతే కోతయింది. రోగం ఎటూ పోలేదు. నీళ్ల దగ్గర్నుంచి లేచి వెళ్లి, ఆయన చూపించిన తలుపు దగ్గర కూర్చుంది. ఇంటిల్లిపాదీ దాన్ని వైద్యమనుకుని కళ్లకద్దుకుంటున్నారు.

"ఇంక ఆ తలుపు ముట్టొద్దమ్మా" అన్నాడు తాయప్ప.

"అలాగేనండి" అంది ఆమె వెంటనే. "అయితే ఇంకేది ముట్టుకోమంటారు?"

ఏది చెప్పినా దాన్ని కూడా ఇలాగే పట్టుకుంటుందని ఆయనకి తెలిసిపోయింది. అయినా ఓడిపోయానని ఒప్పుకోలేకపోయాడు. ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఏదీ ముట్టొద్దు. నా మాట గూడ వద్దు. గిట్లనే, ఇప్పుడే ఎత్తుకో. నీ బిడ్డ."

శివపార్వతి కుసుమ వైపు తిరిగింది. రెండు చేతులూ చాపింది. వెనక్కి తీసుకుంది. మళ్లీ చాపింది. పెదవులు తెల్లబడ్డాయి గానీ ఈసారి చేతులు వెనక్కి పోలేదు. ఇంకొక్క అడుగు వేస్తే అందుతుంది.

కుసుమ తల్లి ముఖం చూసింది. అమ్మ ఏదో మరిచిపోయిందనుకుంది కాబోలు, గిరుక్కున తిరిగి కొట్టుగదికి పరిగెత్తింది. రెండు అరచేతులూ తలుపుకేసి కొట్టింది. తలుపు ఓరగా తెరుచుకుంది. "నేను ముట్టుకున్నా అమ్మా, ఎత్తుకో" అంటూ తిరిగి వచ్చి, వేలు నోట్లో పెట్టుకోబోయింది.

లోపలినుంచి ఎండ్రిను వాసన గుప్పున కొట్టింది. పాకలో దొంగలు పడుతున్నారని, పెళ్లానికి నయమైంది కదా అని, బసవయ్య ఈమధ్యే చెప్పాపెట్టకుండా డబ్బాలు మళ్లీ కొట్టుగదిలో పెట్టేశాడు. ఒక డబ్బా తలుపుకి ఒరిగి కారి, సందుల్లోంచి బయటికి ఊరి, పిల్ల చేతికందే ఎత్తున చెక్కంతా తడిగా మెరుస్తోంది.

"నోట్ల పెట్టకు!" అని తాయప్ప ఒక్క గెంతు గెంతాడు. పిల్లని చంకలో ఇరికించుకుని గోలెం మూత తన్నేశాడు. సబ్బేదని అరిచాడు. చేతులు కడిగాడు, వేళ్ల సందులు కడిగాడు, గోళ్లు కడిగాడు, మళ్లీ మొదటినుంచీ కడిగాడు. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. గోలేనికి అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్న మనిషి ఈయనేనంటే ఎవరూ నమ్మరు.

శివపార్వతి పక్కకి వచ్చి నిలబడింది. ముఖంలో కోపం లేదు, భయం కూడా లేదు. ఇన్నాళ్లూ ఎవరూ నమ్మని మాటని ఒక చదువుకున్నాయన నమ్మాడన్న నెమ్మది మాత్రం ఉంది. చెంబు ముంచి, పిల్ల చేతుల మీద సన్నగా ధార కట్టింది. ఆ తరవాత తన చేతుల మీద పోసుకుంది.

"ఇంకోసారి కడగండి డాక్టరు గారూ" అంది మెల్లగా. "ఒక్కసారికి పోదు. నాకు తెలుసు."

పిల్ల చేతులు వాసన చూశాడు తాయప్ప. ఏ వాసనా లేదనిపించింది, ఉన్నట్టూ అనిపించింది. చాలమ్మా అని చెప్పాలి. ఆయన నేర్చిన వైద్యమంతా ఆ ఒక్క మాటే. సబ్బు తీసుకుని ఇంకోసారి కడిగాడు.