మేడ మీద పదిహేను, కింద నలభై మూడు

ఆదివారం తప్ప రోజూ పొద్దున్న తొమ్మిదింటికి బైండరమ్మ గ్రంథాలయం వెనకగదిలో జిగురు ఉడకబెట్టేది. ఆ జిగురు మామూలు జిగురు కాదు. ఒకసారి దాంతో అంటించిన అట్టని ఊడదీయడానికి ఇద్దరు వస్తాదులు రెండు రోజులు లాగితే, వస్తాదుల చొక్కాలు చిరిగాయి గానీ అట్ట కదల్లేదు. జిగురు చల్లారేలోపు ఆమె సూదిలో దారం ఎక్కించుకుని, వెన్ను విరిగిన పుస్తకాలూ, కుట్టు తెగిన పుస్తకాలూ ఒక్కొక్కటే ముందేసుకుని కూర్చునేది.

ఎవరూ చదవని పుస్తకం చేతికొస్తే మాత్రం కత్తి పెట్టేముందు ఒకసారి గట్టిగా దగ్గేది. లోపల మనుషులుంటారు. చెప్పాపెట్టకుండా కుట్టు విప్పితే మర్యాదగా ఉండదు.

చదివేసిన పుస్తకాల్లో మనుషులు చదివిననాటి వయసులోనే ఆగిపోతారు. చదవనివాళ్ళకి ఆ సౌకర్యం లేదు. మనలాగే వాళ్ళకీ ఏడాదికో ఏడాది మీదపడుతుంది, కథ మాత్రం అంగుళం జరగదు. అందుకే ఏటా గ్రంథాలయాధికారి పిల్లల బీరువా తిరగేసి, ఎవరూ తీసుకెళ్ళని నవలల్ని పెద్దల బీరువాలోకి మార్పించేవాడు. ఒక ఏడు బద్ధకించాడు. పదేళ్ళ కవలల సాహసగాథ అని ఓ పాప ఇంటికి పట్టుకెళితే, లోపల కవలలిద్దరికీ మనవలు, పైగా చక్కెర జబ్బు. నిధి కోసం కొండెక్కాల్సినవాళ్ళు కొండకింద కూర్చుని ఇరవై పేజీలు మోకాళ్ళు పిసుక్కున్నారు. పాప నాన్న వచ్చి గొడవపెట్టుకుంటే అధికారి క్షమాపణ చెప్పి పుస్తకం మార్చి ఇచ్చాడు.

బైండరమ్మ ఇంట్లోనూ అలాంటి దొంతర ఒకటుంది. పదిహేనేళ్ళ పిల్లల కోసం రాసిన నవలలు, నేల మీంచి పైకప్పు దాకా. పైకప్పుని మోసేది గోడలా దొంతరా అన్నది తేలక, వాళ్ళన్నయ్య దాన్ని ఎప్పుడూ కదపనివ్వలేదు. ఆ దొంతరలో ఒక్క పుస్తకమూ ఆమె చదవలేదు. చదవడానికి కొన్నవైతే కదా.

అవన్నీ వదిన మీద కడుపుమంటతో కొన్నవి. వదిన అప్పటికింకా వదిన కాదు, బడిలో ఒకే బెంచీ మీద పక్కన కూర్చునే పిల్ల. ఆ పిల్ల శనివారం ఒక నవల కొనేది. ఆదివారం ఈ పిల్ల, అంటే మన బైండరమ్మ, పోయి అదే నవల, అదే అట్ట, అదే దుకాణంలో కొనేది. తీరా తెరుద్దామనుకునేసరికి సోమవారం ఆ పిల్ల తరగతికంతటికీ కథ చెప్పేసేది. ఎలా చెప్పేదంటే, లెక్కల మాస్టారు కూడా సుద్దముక్క పట్టుకుని నోరు తెరుచుకుని వినేవాడు, ఆ ఏడాది ఎవరికీ బీజగణితం రాలేదు. ఇంకొకరి నోట నానిన కథని మళ్ళీ తను చదవడమేమిటని ఈ పిల్ల పుస్తకాన్ని దొంతర మీద పెట్టేసేది.

అక్కడితో ఆగిందా. ఆ పిల్లకి పొడుగు జడ, ఈ పిల్లకి పిలక. ఆ పిల్లకి బస్టాండులో మైకు ముందు ఉద్యోగం వచ్చింది. బస్సుల వేళలు చెబుతుంటే ఆ గొంతు కోసమే, ఏ ఊరికీ పోయే పనిలేనివాళ్ళు టికెట్లు కొనుక్కుని ఎక్కడెక్కడో దిగి తిరిగొచ్చేవాళ్ళు. ఈ పిల్లకి వెనకగది, జిగురు, ఈగలు. చివరికి ఆ పిల్ల ఈమె అన్నయ్యనే చేసుకుంది. నవలలైతే మర్నాడు పోయి అలాంటివే కొనుక్కొచ్చింది గానీ, అన్నయ్య విషయంలో ఆ వీలు లేకపోయింది.

వదిన నుంచి బైండరమ్మ కాపాడుకున్నది ఒకే ఒక్కటి, ముందుగది. దాని కిటికీలోంచి ఎండ పొద్దున్నే వచ్చి చెప్పులు విప్పుకుని, సాయంత్రం దాకా కూర్చునేది. మేడ మీద వదిన గదికి ఎండ అతిథిలా వచ్చి, నుంచునే మాట్లాడి పోయేది. పద్దెనిమిదేళ్ళుగా వదిన ఆ ముందుగది అడుగుతోంది, ఈమె ఇవ్వనంటోంది.

అలాంటి ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. ఎనిమిది నెలల కిందట ఎవరికీ చెప్పకుండా, బైండరమ్మ తను బాగుచేసిన పాత పుస్తకమొకటి సముద్రం పక్క నగరంలోని రాతప్రతుల భాండాగారానికి పంపింది. అక్కడి పెద్దాయన చేతులు వణుకుతున్నాయట, తన బల్ల ముందు కూర్చోవడానికి సరైన చెయ్యి ఒకటి వెతుకుతున్నాడట. ఉత్తరంలో రెండే రెండు ముక్కలు: “మీ కుట్టు చూశాను. వచ్చేటట్టయితే గురువారం లోపు రాయండి.”

ఆ ఉత్తరాన్ని బైండరమ్మ పైకే నాలుగువందల సార్లు చదివింది. ఐదువందలేమో. ఆమె జీవితంలో ఇంకేదీ ఇంతగా కోరుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం నాలుగువందల ఒకటోసారి చదువుతుంటే, టేపు పట్టుకుని వదిన గదిలోకొచ్చి కిటికీ కొలవడం మొదలెట్టింది.

“ఏమిటి వదినా కొలుస్తున్నావు?”

“ఏం లేదే. కిటికీ ఎంత వెడల్పుందో అని.”

“నువ్వు కాపురానికొచ్చినప్పుడు ఎంతుందో అంతే ఉంది.”

“నువ్వెళ్ళాక కుట్టుమిషను ఇక్కడ వేసుకుందామని. పరదాలు ఆకుపచ్చవి బావుంటాయా, నీలం బావుంటాయా?”

“నేను వెళ్తున్నానని నీకెవరు చెప్పారు?”

వదిన టేపు చుట్టేసింది. “వెళ్ళవా? పెద్దాయన అంతటివాడు రాస్తే?”

“నా ఇష్టం.”

“నీ ఇష్టమేలే. నీకేం వస్తుందో చూసుకోవు, నాకేం దక్కుతుందో చూస్తావు. చిన్నప్పటినుంచీ అంతే.”

“నువ్వు మాత్రం ఆ టేపు పరాకున పట్టుకొచ్చావు కాబోలు.”

వదిన మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఒక్కో మెట్టు మీద ఎంత బలంగా అడుగేసిందంటే, కింద గోడగడియారం పావుగంట ముందుకి జరిగింది. బైండరమ్మ కాగితం తీసింది, కలం తీసింది, రానని రాసేద్దామనుకుంది. సముద్రమూ వద్దు, పెద్దాయనా వద్దు. తన కిటికీకి ఆకుపచ్చ పరదా తను బతికుండగా పడనివ్వదు. కాగితం కింద పెట్టుకోవడానికి గట్టిగా ఏదైనా కావాలని, చెయ్యి చాచి దొంతర నడుములోంచి ఒక పుస్తకం లాగింది.

పైకప్పు కొంచెం మూలిగింది, కూలలేదు.

పసుపుపచ్చ అట్ట. దాని మీద రేవు, రేవులో ఒక పిల్ల, పిల్ల పక్కన ట్రంకుపెట్టె. ఈ అట్ట ఆమెకి బాగానే గుర్తు. పడవలు కట్టడం నేర్చుకోవడానికి ఇల్లు వదిలిపోయే పదిహేనేళ్ళ పిల్ల కథ. కొన్ననాడు అట్ట మీద పిల్లకి రెండు జడలుండేవి. ఇప్పుడు ఒకటే ముడి, చెవుల పక్కన నెరుపు, ట్రంకుపెట్టె మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. కళ్ళజోడు కూడా వచ్చింది.

బైండరమ్మ అలవాటు కొద్దీ దగ్గి, మొదటి పేజీ తెరిచింది.

మొదటి వాక్యంలో పడవవాడు వచ్చి, “ఎక్కుతావా పాపా” అని అడగాలి. అడగబోయి, కళ్ళు చికిలించి చూసి, “ఎక్కుతారా అమ్మా” అన్నాడు.

“ఇరవై ఎనిమిదేళ్ళ నుంచీ ఎక్కుదామనే కూర్చున్నాను. అవతల ఒకరు పేజీ తిప్పితేగా,” అంది పుస్తకంలో ఆమె. “మేడ మీద పుస్తకంలో నేను ఎప్పుడో వెళ్ళిపోయానట. పదిహేనేళ్ళకే. పడవలు కట్టానట, పేరొచ్చిందట. ఈ ఇంటి గోడలు పల్చన, అన్నీ వినిపిస్తాయి. ఆవిడకి జడలు కూడా అలాగే ఉన్నాయట.”

ఆ ‘ఆవిడ’ అన్న మాటని ఆమె పళ్ళ మధ్య ఎలా నలిపిందో, బైండరమ్మకి పూర్తిగా తెలుసు. అది తన పళ్ళ చప్పుడే. తనని తనే చూసి ఓర్వలేని మనిషిని ఆమె మొదటిసారి చూసింది. పక్కన పెట్టేద్దామనుకుంటూనే పేజీ తిప్పింది.

రెండో పేజీలో ఆమె లేచింది. లేచేటప్పుడు మోకాలు పట్టేసింది, ఒక పేరా అంతా మోకాలికే సరిపోయింది. ట్రంకుపెట్టె బరువని పడవవాడు సాయం పట్టాడు. అవతలి ఒడ్డున పడవలు కట్టే గురువు నడివయసువాడని రచయిత ఎప్పుడో రాసిపెట్టాడు, ఇప్పుడు కర్ర పట్టుకుని గడప దాకా వచ్చాడు.

“నీకోసం చాలాకాలం చూశాను,” అన్నాడు గురువు.

“ఇంకా చెబుతారా?”

“చెబుతాను. నా చేత కాదు కాబట్టి, ఇకనుంచి సుత్తి నీదే.”

సాయంత్రం దాకా బైండరమ్మ తల ఎత్తలేదు. లోపల ఆమె చెక్క చిత్రిక పట్టింది, వేలు నలగ్గొట్టుకుంది, సందుల్లో నార కూరింది. తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు పక్కన చకచకా పని చేస్తుంటే కుళ్ళుకుంది, కుళ్ళుకుంటూనే వాళ్ళ పద్ధతి దొంగచూపులతో నేర్చేసుకుంది. ఆఖరి పేజీల్లో పడవొకటి తయారైంది. కొంచెం ఒంకర, అడుగున నీళ్ళూరుతున్నాయి. అయినా దాంట్లోనే కూర్చుని, ఒక చేత్తో నీళ్ళు తోడి పోస్తూ, రెండో చేత్తో తెడ్డు వేస్తూ, ఆమె పుస్తకం చివర దాకా వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చెయ్యయినా ఊపలేదు.

బైండరమ్మ అట్ట మూసింది. అట్ట మీద రేవు ఖాళీగా ఉంది, ట్రంకుపెట్టె కూడా లేదు.

అప్పుడు పట్టుకుంది ఈర్ష్య. వదిన జడని చూసినప్పుడు పుట్టింది దీని ముందు నిప్పురవ్వ. ఇది అడవి తగలబడ్డం. నలభై మూడేళ్ళ మనిషి, మోకాళ్ళనొప్పి మనిషి, ఒక్క రేకు ట్రంకుపెట్టె మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళు తన దొంతరలో, తన పైకప్పు కింద పడుండి, ఒక్క మధ్యాహ్నంలో సముద్రం మీదికి పోయింది. తను ఇక్కడ కిటికీకి కాపలా కాస్తోంది. ఆ వేడికి గదిలో సిరాబుడ్డి బుడబుడా మరిగిందంటే నమ్మండి.

“దీనికేం ఎక్కువ, నాకేం తక్కువ,” అని పైకే అంది. కలం అందుకుని ఒక్క మాట రాసింది. “వస్తున్నాను.” కవరు అంటించి, సోమవారం పొద్దున్న జిగురు పొయ్యి మీద పెట్టకముందే పోస్టు డబ్బాలో వేసేసింది. గురువారానికి ఇంకా మూడు రోజులుంది.

ఇంటికొచ్చి చెబితే అన్నయ్య సంతోషించి, దొంతర వైపు ఒకసారి భయంగా చూశాడు. వదిన మాత్రం టేపూ తేలేదు, పరదాల ఊసూ ఎత్తలేదు. కాసేపటికి గడపలో నుంచుని పసుపు అట్టని చూసింది.

“ఆమె వెళ్ళిపోయిందా?”

“నిన్ననే.”

“నా దాంట్లో ఇంకా జడలేసుకుని గెంతుతూనే ఉంది. మేడ మీద వాళ్ళందరూ అంతే. పదిహేనూ, పదిహేనూ, పదిహేనూ.” వదిన గడప మీద కూలబడింది. “వాళ్ళతో ఏం మాట్లాడను? నడుంనొప్పి అంటే నవ్వుతారు. నీ దగ్గర ఇంతమంది నా ఈడువాళ్ళు కూర్చునున్నారు, ఒక్కళ్ళనీ నువ్వు పలకరించలేదు. నాకు నిద్రపట్టేది కాదు.”

“నేను చదవని పుస్తకాల మీద నీ కన్ను పడిందా?”

“ఆ దుకాణం అద్దం ముందు నువ్వు ఏ పుస్తకం చూసి ఆగితే, నేను ఆ పుస్తకమే కొనేదాన్ని. నీకు దక్కకూడదని. నాకు నవలలంటే అప్పుడేమంత ఇష్టమూ లేదు. కొన్నాక చదవక తప్పలేదు.”

ముప్ఫై ఏళ్ళ కడుపుమంట, అవతల కూడా అంతే మండిందని తెలిస్తే చల్లారుతుందనుకుంటారు. చల్లారలేదు. కానీ మొదటిసారి దానికో తోడు దొరికింది.

“ఏది కావాలి?” అంది బైండరమ్మ.

“ఏదైనా సరే. ముసలాళ్ళున్నది.”

బైండరమ్మ పుస్తకాలు ఒక్కొక్కటే తీసి, దగ్గి, అందిస్తూ పోయింది. పైకప్పు నిలబడే ఉంది, అసలు మోసేది గోడలేనని అప్పుడు తేలింది. అన్నయ్య ఆకలేసి మూడుసార్లు వంటింట్లోకి తొంగిచూశాడు. నాలుగోసారి తనే బియ్యం కడిగాడు.

శుక్రవారం బైండరమ్మ వెళ్ళిపోయింది. భాండాగారంలో పెద్దాయన బల్ల మీద ఆమె ఇరవై రెండేళ్ళు పనిచేసింది. ఆమె కుట్టిన కాగితాలు లోకం మునిగినా పైకి తేలి, ఇంకో లోకానికి పనికొస్తాయని అక్కడివాళ్ళంటారు, అందులో కొంత నిజం. మూడో ఏట ఆమె గది తలుపు మీద ఇత్తడి పలక పెట్టి, ఆమె పేరు చెక్కించారు.

ఆ పలక చూడ్డానికని వదిన పనిగట్టుకుని వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివింది, కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివింది.

“బాగానే ఉంది గానీ,” అంది, “అక్షరాలు కొంచెం చిన్నవి.”

“దగ్గరికి రా వదినా,” అంది బైండరమ్మ తలుపు తీసి పట్టుకుని. “పెద్దవవుతాయి.”