ఇసుక కోసం పైరవీ

వెర్లీన్ అక్క స్నానాల తొట్టిలో ఊరందరి మురుగూ తేలుతోంది. నేను గడపలో నిలబడి చూశాను.

వాన కురిసిన రోజున సముద్రం కూడా పోటు మీద ఉంటే మా పల్లపు పేటకు ఈ గతి తప్పదు. మురుగును తోడి అవతలికి పంపే పంపు మా తాతల కాలం నాటిది. అది మొరాయిస్తుంది. ఒడ్డున వరసగా నిలబడ్డ పెద్ద హోటళ్లలో విహారానికి వచ్చినవాళ్లు ఏం కడుక్కున్నా, ఏం వదిలినా పల్లానికి దిగి మా ఇళ్లలో పైకి లేస్తుంది. అమెరికా తీరంలోని మా ఊరు పోర్ట్ హాలెట్ అంటే బయటివాళ్లకు తెల్లటి ఇసుక. మాకు మాత్రం ఈ కంపు.

అక్క ఆ హోటళ్లలోనే ఒకదాని లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. ఆ రోజు పని మానుకుని బకెట్‌తో తోడి వీధిలో పోస్తోంది. ఆమె భర్త ఓడెల్ బావకు షుగరు వల్ల ఒక కాలు తీసేశారు. మంచం దిగలేని మనిషి. మంచం కాళ్లకింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. ఆయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అప్పుడొచ్చాడు సిటీ ఆఫీసు మనిషి, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు వేసుకుని. పలకరింపు లేదు. తొట్టిని ఫోటో తీశాడు, బావ మంచాన్ని తీశాడు. బయటికి వెళ్లి తలుపు మీద ఎర్ర కాగితం అంటించాడు.

“ఏంటయ్యా అది?” అంది అక్క, బకెట్ దించకుండానే.

“ఈ ఇల్లు మనుషులు ఉండటానికి పనికిరాదమ్మా. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి.”

“పంపు మీది, మురుగు మీది. పనికిరానిది నా ఇల్లా?”

“నా మీద అరిస్తే ఏం లాభం? మీరిక్కడే ఉండి జబ్బు పడితే సిటీ మీద కేసు వేస్తారు.”

“ఆహా! అంటే మేం జబ్బు పడకూడదని కాదు, మీ మీద కేసు పడకూడదని! ఈయన్ని ఎక్కడికి మోసుకుపొమ్మంటావ్? మేయరమ్మ గెస్టు రూముకా?”

వాడు బూట్లు మా కుళాయి కిందే కడుక్కుని మరీ వెళ్లాడు.

ఆ సాయంత్రం కెప్టెన్ న్యెమ్ గారి రొయ్యల షెడ్డులో చేరాం. ఆయన వియత్నాం నుంచి పడవలో వచ్చి ఈ తీరంలోనే పడవ నడిపి ముసలివాడైన మనిషి. లాండ్రీ ఆడవాళ్లు వచ్చారు, పీతల ఫ్యాక్టరీ నుంచి ఒరాలియా తన జట్టునంతా వెంటబెట్టుకొచ్చింది. రేవులో కంటైనర్లకు గొలుసులు బిగించే మేమూ వచ్చాం. మా సంఘం నాయకుడు క్లే బాస్కమ్ ఐసు పెట్టె మీద కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కా నలక్కుండా.

“కొత్త పంపు అంటే మన సిటీ తాహతు కాదు,” అన్నాడు క్లే. “వాషింగ్టన్ ఇవ్వాలి. ఏటా మన కౌన్సిలు కేంద్రాన్ని ఏమేం అడగాలో ఒక వరస పెడుతుంది. అక్కడ మన తరఫున పైరవీ చెయ్యడానికి జీతం ఇచ్చి ఒకాయన్ని పెట్టుకున్నాం. ఆ వరసలో ఉన్నదే అతను అడుగుతాడు. లేనిదాని ఊసే ఎత్తడు.”

“ఈ ఏడు వరసలో ఏముంది?” ఒరాలియా అడిగింది.

“మొదటిది హోటళ్ల ముందు ఇసుక. తుపానుకు కొట్టుకుపోయింది కదా, మళ్లీ పొయ్యాలి. తర్వాత హార్బరు లోతు తవ్వడం.”

“పోయినేడు పోసిన ఇసుక ఏమైంది?”

“అలలు తీసుకుపోయాయి.”

“అంతకుముందేడు పోసింది?”

క్లే చొక్కా మడత సవరించుకున్నాడు. ఎవరో నవ్వారు. ఒరాలియా నవ్వలేదు. “సముద్రంలో పోసే ఇసుకకి డబ్బు అడుగుతారు. మా ఇంట్లోకొచ్చే పెంటకి అడగరు. సిగ్గుందా మీకు?”

“చూడమ్మా, హార్బరు లోతైతే పెద్ద ఓడలొస్తాయి. మా వాళ్లకి పని దొరుకుద్ది. పంపు పంపు అని గొడవ చేస్తే మేయరుకి కోపమొచ్చి మాదీ తీసేస్తుంది.”

“మేయరమ్మ తనతో నిన్ను కూడా వాషింగ్టన్ విమానం ఎక్కిస్తోందటగా?” అన్నాను నేను.

“సంఘం తరఫున వెళ్తున్నాను.”

“సంఘం ఎప్పుడు పంపిందిరా నిన్ను? మేమెవరం చెయ్యెత్తలేదే!”

కొట్టుకునేదాకా పోయింది. కెప్టెన్ న్యెమ్ రొయ్యల గంప మీద పారతో గట్టిగా కొట్టి ఆపారు. “మనలో మనం తన్నుకోవడమే వాళ్లకి కావాల్సింది. పదండి, అందరం కౌన్సిలుకి పోయి అడుగుదాం. పంపు మొదట రాయమందాం,” అన్నారు.

మంగళవారం పొద్దున అందరం పనిబట్టల్లోనే వెళ్లాం. హాలు నిండింది. మాట్లాడదలచినవాళ్లు చీటీ మీద పేరు రాసివ్వాలన్నారు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలన్నారు. మా అంశం పిలిచినప్పుడు ఇద్దామని చీటీలు చేతిలో పట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చున్నాం.

మేయరమ్మ మొదలుపెడుతూనే, “అభ్యంతరం లేని అంశాల మూట. ఒకే ఓటు. అందరికీ సమ్మతమేనా?” అంది. చేతులు లేచాయి, దిగాయి. ఎవరో తుమ్మినంతసేపు కూడా పట్టలేదు. ఇదేదో ప్రార్థన లాంటి తంతు కాబోలనుకున్నాం మేము.

ఆ తర్వాత బీచిలో కుక్కలకు గొలుసు ఉండాలా వద్దా అని వాదించుకున్నారు. ఒకావిడ తన కుక్క మనసు గాయపడిందని ఏడ్చింది. ఆవిడకు మంచినీళ్లు ఇచ్చారు. బీచి దగ్గరి కొంగ బొమ్మకు ఏ రంగు వెయ్యాలో మాట్లాడారు. మధ్యాహ్నమైంది. మేయరమ్మ కాగితాలు సర్దుకుంది.

కెప్టెన్ న్యెమ్ లేచారు. “అమ్మా, మా సంగతి? వాషింగ్టన్ సంగతి?”

పక్కనున్న గుమాస్తా ఆవిడ కళ్లద్దాల మీంచి చూసింది. “అది పొద్దున్నే మూటలో అయిపోయింది కదండీ. మాట్లాడాలంటే మూట మీద ఓటుకు ముందే చీటీ ఇవ్వాలి. మిమ్మల్ని కూర్చోమన్నదెవరు? తీర్మానానికి రెండుసార్లు ఓటు పడాలి, రెండోది పదిహేను రోజుల్లో ఉంది, అప్పుడు రండి. అదైనా లాంఛనమే అనుకోండి.”

మా కుళ్లు, మా ఇళ్లు, బావ మంచం, అన్నీ అభ్యంతరం లేని అంశాలు! వాళ్లు మూటగట్టి విసిరేస్తుంటే మేం మర్యాదగా చూస్తూ కూర్చున్నాం. వాళ్ల మీదకంటే మా మర్యాద మీద నాకు ఎక్కువ రోత పుట్టింది.

మెట్లమీదే ఒరాలియా చీటీని నలిపి మళ్లీ సాఫు చేసింది. “ఓటుకు ముందు ఇవ్వాలందిగా? ఇద్దాం. ఎంతమందిమి ఉంటే అన్ని ఇద్దాం. చీటీ ఇచ్చినవాళ్లందరూ మాట్లాడేదాకా ఓటు పెట్టకూడదు. ఆ రోజు మధ్యాహ్నమేగా వాళ్ల వాషింగ్టన్ విమానం! ఓటు పడకపోతే ఏ వరస పట్టుకుని ఎక్కుతారు?”

ఆ పదిహేను రోజులూ ఇల్లిల్లూ తిరిగాం. ఉద్యోగం పోతుందని భయపడ్డవాళ్లున్నారు. ఇదంతా జరిగే పని కాదన్నవాళ్లున్నారు. వెర్లీన్ అక్క వాళ్లతో ఒకటే అనేది: “నా ఇంటికి అంటించారు. మీ తలుపుకి వచ్చినప్పుడు నన్ను పిలవండి, వస్తాను. ఇప్పుడు మీరు రండి.” ఎర్ర కాగితం అప్పటికే మరో వీధి దాకా పాకింది.

రెండో ఓటు రోజున కౌన్సిలు మెంబర్ల కుర్చీల పక్కన సూట్‌కేసులు నిలబడి ఉన్నాయి. క్లే సూట్‌కేసు కూడా ఉంది. హాలు తెరుస్తూనే మా చీటీలు గుమాస్తా బల్ల మీద గుట్టపడ్డాయి. మేయరమ్మ ఆ గుట్టను చూసి నవ్వు మొహం పెట్టింది. “ఈ హాల్లో ఎవరి మాటా వినకుండా పంపం. ముందు మన కార్యక్రమం ఒకసారి చూడండి, మీకే సంతోషం కలుగుతుంది,” అని తెర దింపించింది.

తెర మీద తెల్లటి ఇసుక, గొడుగులు. ఆ తర్వాత వెర్లీన్ అక్క తొట్టి. దాని తర్వాత ఓడెల్ బావ, తువ్వాలు కట్టుకుని, గోడవైపు తిరిగి.

“సముద్రం నుంచి మన నిరుపేదలకు ఎంత ముప్పు ఉందో చూడండి,” అంది మేయరమ్మ, గొంతులో జాలి తెచ్చుకుని. “వాషింగ్టన్‌లో ఈ ఫోటోలు చూపిస్తే ఎవరి గుండె కరగదు? అందుకే బీచికి ఇసుక అత్యవసరం.”

బిచ్చగాళ్లు కూడా తమ పుండు చూపించే అడుక్కుంటారు. వీళ్లు మా పుండు చూపించి హోటళ్లకు అడుక్కుంటున్నారు.

మొదటి చీటీ అక్కదే. మైకు ముందుకు వెళ్లింది. “అది నా తొట్టి. ఆ మంచంమీద ఉన్నది నా మొగుడు. ఆయన్ని అడిగే తీశారా ఫోటో? మమ్మల్ని వెళ్లిపొమ్మని తలుపుకి కాగితం అంటించి, మమ్మల్ని చూపించి ఇసుక కొనుక్కుంటారా? మూట విప్పండి. ఇసుక తీసి పంపు రాయండి.”

ఎర్ర దీపం వెలిగింది. “మీ టైము అయిపోయిందమ్మా,” అంది గుమాస్తా.

“నా టైమెప్పుడు మొదలైందని అయిపోతుంది? మూట విప్పేదాకా కదలను.”

మైకు ఆపేశారు. అక్క ఆపలేదు. లాండ్రీలో మిషన్ల హోరు మీద మాట్లాడి మాట్లాడి గట్టిపడ్డ గొంతు ఆమెది, వెనక గోడదాకా వినిపించింది. పోలీసులు వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. ఆమె పెనుగులాడలేదు. “ఓడెల్‌ని చూస్తూ ఉండండర్రా,” అని మాత్రం అంది, తలుపు దాటుతూ.

రెండో పేరు పిలిచారు, కెప్టెన్ న్యెమ్ వెళ్లారు. ఆ తర్వాత లాండ్రీ ఆడవాళ్లు ఒక్కొక్కరే. రెండు నిమిషాలూ వాడుకున్నారు, ఒక్క క్షణం వదలలేదు. ఒకామె మాటలు దొరక్క తన చేతులు చూపిస్తూ నిలబడింది. అదీ ఆమె టైమే. మెంబర్లు గడియారాలు చూసుకున్నారు. ఒకాయన సూట్‌కేసు పట్టుకుని లేచి, మేయరమ్మ చూపుకు మళ్లీ కూర్చున్నాడు. విమానం వేళ దగ్గరపడింది, దాటిపోయింది.

క్లే నా వెనక సీట్లోకి జరిగాడు. “నీ చీటీ వెనక్కి తీసుకోరా. హార్బరు పోతే పస్తులుండేది నువ్వే.”

అబద్ధం కాదు. నాకు వారానికి సగం రోజులే పని. ఆ మాట నన్ను పట్టుకుంది, ఒప్పుకుంటాను. అప్పుడే నా పేరు పిలిచారు.

“నేను రేవు కార్మికుణ్ణి,” అన్నాను. “హార్బరు లోతు నాకే కావాలి. అయినా చెప్తున్నా, పెంటలో ఉన్న అక్క మీదుగా నడిచెళ్లి నేను ఆ ఓడ ఎక్కను. క్లే మా మాట చెప్పడు. పంపు మొదట రాయండి, హార్బరు తర్వాత అడగండి. ఇసుకని సముద్రానికే వదిలెయ్యండి.”

వెనక వరసల్లో మా గొలుసులవాళ్లు లేచి నిలబడ్డారు. క్లే నేల చూశాడు.

ఎర్ర దీపం వెలిగింది, నేను కదల్లేదు. భుజం మీద పోలీసు చెయ్యి పడింది. మేయరమ్మ ఇక మంచితనం వదిలేసింది. “చాలు! మిగిలిన చీటీలు రద్దు! మైకు కట్టెయ్యండి! ఓటు పెడుతున్నా!”

గుమాస్తా చేతిలో చీటీ అలాగే ఉండిపోయింది. పిలవడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. నా చేతులు వెనక్కి విరిచి బేడీల గొలుసు బిగిస్తున్నారు. ఆ చీటీ ఎవరిదో మాకందరికీ తెలుసు. లాండ్రీవాళ్లు, పడవలవాళ్లు, రేవువాళ్లు ఒకే గొంతుతో హాలంతా పిలిచారు:

“ఒరాలియా కాంటూ!”

ఒరాలియా లేచింది.