భోజన్న వీపు మీద గడ్డ

మా గదిలో ఏడుగురం ఉండేవాళ్లం. భోజన్న గడ్డని కూడా కలుపుకుంటే ఎనిమిది. దానికొచ్చినన్ని పలకరింపులు మాలో ఎవడికీ రాలేదు కాబట్టి కలుపుకోవడమే న్యాయం.

నిమ్మకాయంత గడ్డ. కుడి భుజం వెనక, రెక్క ఎముకకి కాస్త పైన ఉండేది. వేలితో నొక్కితే చర్మం కింద అటూ ఇటూ జారేది గానీ నొప్పి పుట్టేది కాదు. అరబ్బు దేశంలో సత్వా అనే పేటలో మా గది ఎంత ఇరుకంటే ఎవరి ఒంటి మీద ఏముందో అందరికీ తెలుసు. భోజన్న చొక్కా విప్పితే చాలు, పనిలేని ప్రతి వెధవా వచ్చి దాన్ని ఓసారి నొక్కి, తలాడించి, ఏదో ఒక జబ్బు పేరు చెప్పి పోయేవాడు.

భోజన్నది జగిత్యాల దగ్గర పల్లె. షట్టరింగ్ కార్పెంటర్, అంటే కాంక్రీటు పోయడానికి పలకలు బిగించేవాడు. ఆకాశంలో ఒంటి పలక మీద ఈల వేసుకుంటూ నడుస్తాడు, సూది పేరెత్తితే మాత్రం కాళ్లు వణుకుతాయి. నేను త్రిమూర్తుల్ని. మాది రాజోలు. క్రేన్ నడిపేవాణ్ణి. గదిలో అందరికన్నా పెద్దవాణ్ణి, పైగా వంట నాదే. అన్నం పెట్టేవాడికి తిట్టే హక్కు ఉంటుందని నా నమ్మకం. ఆ హక్కుని నేనెప్పుడూ వృథా చేయలేదు.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో ఆ గడ్డ మీద వైద్యం మొదలైంది. మొదలుపెట్టినవాడు పోచన్న. భోజన్న వాళ్ల పక్క ఊరివాడే, వయసులో పెద్ద. సిమెంటు బస్తాలు రెండేసి ఎత్తే మనిషి. ఈ మధ్య కాస్త చిక్కాడు, పొడి దగ్గు పట్టుకుంది. అయితే సిమెంటు మింగుతూ, పైన బీడీ కాల్చేవాడు దగ్గక ఏం చేస్తాడు? మేమెవరమూ పట్టించుకోలేదు.

"సున్నం, బెల్లం కలిపి పట్టేస్తే పొద్దుగాల్ల వరకు కరిగిపోతది తమ్మీ," అన్నాడు పోచన్న.

పట్టేశారు. తెల్లారేసరికి గడ్డ అలాగే ఉంది, దాని మీది తోలు మాత్రం ఊడింది. బెల్లం వాసనకి చీమలొచ్చి నా పరుపెక్కాయి. నేను ఇద్దరినీ కలిపి తిట్టాను.

తర్వాత వంతు సనావుల్లాది. నెల్లూరు వాడు. కంపెనీ ఆఫీసులో డ్రైవరు. ఊరందరి కబుర్లూ మోసుకొచ్చేది అతనే. గుర్రాల సాలలో పనిచేసే స్నేహితుడెవర్నో పట్టుకుని, ఒక పొడుగాటి తోక వెంట్రుక సంపాదించుకొచ్చాడు.

"మా నాయన మెడ మింద పులిపిరికి ఇట్టనే కట్టినారబ్బా. వారానికే రాలిపోయింది," అన్నాడు.

భోజన్నని బోర్లా పడుకోబెట్టి, నలుగురు కూర్చుని, గడ్డ చుట్టూ వెంట్రుక బిగించడానికి ఒక పూటంతా కష్టపడ్డారు. పులిపిరికి కాడ ఉంటుంది. ఇది చర్మం కింద గూడు కట్టుకుని కూర్చుంది. వెంట్రుక బిగించినప్పుడల్లా అది లోపలికి జారుకునేది. వాళ్లు దాన్ని తిట్టేవాళ్లు, నేను వాళ్లని తిట్టేవాణ్ణి. చివరికి చెయ్యి పట్టుకుని భోజన్నని డాక్టర్ దగ్గరికి నేనే లాక్కెళ్లాను.

మా వీధి చివర డాక్టర్ కరీముల్లా ఉండేవాడు. కడప మనిషి. తెలుగులో జబ్బు చెప్పుకోగలిగిన డాక్టరు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. గడ్డని రెండు వేళ్లతో పట్టి, అటూ ఇటూ కదిపి చూశాడు.

"ఎన్నాళ్లాయె ఇది?"

"రెండేండ్లాయె సార్."

"నొప్పి ఉండాదా? ఉన్నట్టుండి పెరిగిందా?"

"లేదు సార్. మెల్లమెల్లగ పెరిగింది."

"ఇది కొవ్వు గడ్డప్పా. చర్మం కింద కొవ్వు ఒకచోట ముద్దగట్టింది, అంతే. క్యాన్సరూ గాదు, గీన్సరూ గాదు. ఉంటే ఉండనీ, దాని పాటికి అదుంటాది. పలకలు మోసేటప్పుడు ఒత్తుకుంటా ఉందంటే చెప్పు, చుట్టూ మత్తు సూదేసి, రవ్వంత కోసి, దాని పొరతో సహా తీసేస్తా. అదే పూట నడుచుకుంటా ఇంటికి పోవచ్చు. మాత్రలకి కరగదు, పూతలకి అసలే కరగదు. గట్టిపడినా, నొప్పి పుట్టినా అప్పుడు వెంటనే రా, పరీక్షకి పంపుదాం." అప్పుడు సున్నం కాలిన మచ్చ ఆయన కంట పడింది. "ఇదెవడు చేసినాడప్పా?"

"మా పోచన్న," అన్నాను నేను సంతోషంగా.

భోజన్న మాత్రం బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. "మాత్ర రాయలే, సూదియ్యలే. ఉంటే ఉండనీ అన్నడు. ఇగ లాభం లేదనుకున్నట్టున్నడే అన్నా."

ఇదీ మావాళ్ల లెక్క. సూది పొడిస్తే మంచి డాక్టరు, రెండు పొడిస్తే గొప్ప డాక్టరు, ఏమీ పొడవకుండా ఇంటికి పొమ్మంటే రోగి చావుకి దగ్గరపడ్డట్టు. సూదంటే వణికే మనిషి సూది వేయలేదని ఏడుస్తుంటే నాకు ఎక్కణ్ణుంచి తిట్టాలో తెలియలేదు.

ఆ దిగులు మీద ఉండగా సనావుల్లా ఆఫీసు నుంచి కబురు తెచ్చాడు. వీసా రెన్యువల్‌కి భోజన్న మెడికల్‌కి పోవాలి. రక్తం తీస్తారు, ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. అందులో ఏదన్నా కనిపిస్తే విమానం ఎక్కించేస్తారు, మళ్లీ ఈ దేశం గడప తొక్కనివ్వరు.

"ఎక్స్‌రేల గడ్డ వడ్తది," అన్నాడు భోజన్న. అతని మొహంలో నెత్తురు లేదు. ఊళ్లో బావి ఎండిపోయింది. ఉన్న కాస్త భూమీ బీడు పడింది. ఇంటిల్లిపాదికీ ఇతని పలకలే ఆధారం. వీసా పోతే ఇంటికెళ్లి చేయడానికి పనే లేదు. అతని భయం చూస్తే నాకు నిజంగానే జాలేసింది, కానీ పైకి "ఏడుపాపరా" అన్నాను.

అప్పుడు పోచన్న ఛాతీ చరుచుకున్నాడు. "నేను వోత నీ పేరు మీద. ఈ ఛాతీల ఏముంటది, ఇనుమే."

కార్డు మీది ఫొటోలో భోజన్నకీ మీసమే, పోచన్నకీ మీసమే. ఇద్దరి మొహాల్నీ ఒకే సిమెంటు దుమ్ము ఒకే రంగు చేసింది. ఆ కౌంటర్ల దగ్గర గుంపులో కార్డు చూసేవాడు మనిషిని చూడడు. గదిలో అందరికీ ఆలోచన నచ్చింది. అక్కర్లేని దొంగపని చేసి ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంటార్రా అని నేను గొంతు చించుకున్నాను. కూర బాగా కుదిరిందని మెచ్చుకుని, నా మాట పక్కన పెట్టారు.

పోచన్న పోయాడు, వచ్చాడు. "గాలి గుంజుమన్నడు, గుంజిన. దగ్గొస్తె గరమైండు. మల్ల గుంజిన. ఖలాస్," అన్నాడు. భోజన్న అతని కాళ్లకి మొక్కినంత పని చేశాడు. ఆ పూట పోచన్నకి కోడి తొడలు రెండూ నేనే వేశాను.

ఆ తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం అందరం భోజనాలు చేస్తుండగా సనావుల్లా వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"భోజన్నా, ఆఫీసులో ముదీర్ సారు పిలస్తా ఉండాడు. నీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మింద మచ్చ పడిందంట. టీబీ అంటా ఉండారు. ఇంకోసారి తీస్తారంట. అందులో కూడా ఉంటే ఇంటికే."

భోజన్న కంచం తోసేసి నెత్తి కొట్టుకున్నాడు. "నేను జెప్పలే! గడ్డ లోపటికి దిగింది! ఓ ఐలవ్వా, నీ బతుకు ఆగమాయెనే!"

ఐలవ్వ అతని పెళ్లాం. ఇక్కడ లేదు కాబట్టి ఆమె వంతు ఏడుపు కూడా అతనే ఏడ్చాడు. చుట్టూ చేరి అందరూ ఓదార్చడం మొదలెట్టారు. వేర్లు ఊపిరితిత్తుల్లోకి పాకుంటాయని ఒకడన్నాడు. సున్నం వేడికి లోపలికి పారిపోయుంటుందని ఇంకొకడన్నాడు. సనావుల్లా కళ్లు తుడుచుకున్నాడు. నేనూ గరిటె పట్టుకుని, అయ్యో పాపం అనుకుంటూ నిలబడ్డాను. కాసేపటికి గానీ నాకు బుర్ర వెలగలేదు.

"ఒరేయ్ సన్నాసీ," అన్నాను. "ఆ ఎక్స్‌రే నీది కాదు కదరా."

ఏడుపు టక్కున ఆగింది. అందరం పోచన్న వైపు తిరిగాం.

అతను పప్పన్నం కలుపుకుంటున్నాడు. మమ్మల్ని చూసి ఏదో అనబోయాడు, దగ్గొచ్చింది. నెలల తరబడి ఆ దగ్గు మా మధ్యనే తిరుగుతోంది. దాన్ని మేం విన్నది ఆ రోజే. తువ్వాలుతో మూతి తుడుచుకుని, "మిషిన్ తప్పుంటది," అన్నాడు. కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచాడు.

భోజన్న ఈసారి తనే పోయి ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. వీపు మీద నిమ్మకాయ సంగతి ఎవడూ అడగలేదు. మొదటిసారి ఫిల్ము పాడై ఉంటుందని వాళ్లే సరిపెట్టుకున్నారు. వీసా పడింది. గదిలో ఎవరమూ పండగ చేసుకోలేదు.

పోచన్న మెడికల్ దగ్గర పడుతోంది. నేను అతన్ని డాక్టర్ దగ్గరికి రమ్మని బతిమాలాను, తిట్టాను, ఒక రోజు అన్నం కూడా పెట్టనన్నాను. వినలేదు.

"డాక్టర్ కాడికి వోతే పేరు రాసుకుంటడు. పేరు రాసుకుంటె పంపిస్తరు. ఉత్త చేతులతోని వోయి నా పెండ్లాం గౌరవ్వకు ఏం మొఖం జూపియ్యాలె?" అని భోజన్న వైపు తిరిగాడు. "తమ్మీ, నీ కోసం నేను వోయిన. గిప్పుడు నా పేరు మీద నువ్వు పో. నీ ఛాతీ సాఫుగున్నది గద."

అడిగింది న్యాయమే. భోజన్న ఒప్పుకుంటే పోచన్న ఇక్కడే ఉంటాడు, ఇక్కడే రాలిపోతాడు. కాదంటే చేసిన మేలు మరిచినవాడవుతాడు. రెండు రోజులు అతను పని మీద మేకులు వంకరగా కొట్టాడని ఫోర్‌మన్ నాతో చెప్పాడు.

మూడో రోజు భోజన్న నోరు విప్పాడు. "సరే అన్నా. గని ముందుగాల నా గడ్డ తీపిచ్చుకుంట. నాకు సూదంటె భయం. నువ్వు పక్కన గూసుండి చెయ్యి పట్టుకోవాలె."

పోచన్న చాలా రోజుల తర్వాత నవ్వాడు. "నీయవ్వ, ఇంత పిరికోనివేందిరా! నడువు."

ముగ్గురం పోయాం. డాక్టర్ కరీముల్లా భోజన్నని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, గడ్డ చుట్టూ పెన్నుతో గీత గీశాడు. భోజన్న కుడి చెయ్యి బల్ల పక్కకి వేలాడేసి, పోచన్న చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. సూది దిగినప్పుడు వేసిన కేకకి వీధిలో టాక్సీ ఆగి ఉంటుంది. అంతే, ఆ తర్వాత నొప్పి తెలియలేదు. డాక్టరు చిన్న గాటు పెట్టి, వేలు పోనిచ్చి చుట్టూ విడదీసి, రెండు వైపులా నొక్కాడు. గడ్డ బుడుంగున బయటికొచ్చి పళ్లెంలో పడింది. పసుపుపచ్చగా, మెత్తగా, అచ్చం వెన్నముద్ద. రెండేళ్లు ఇంతమందిని ఏడిపించింది ఇదా అని నాకు ఒళ్లు మండింది.

డాక్టరు కుట్లు వేసి దారం కత్తిరించాడు.

"అయిపోయిందా సార్?" అన్నాడు భోజన్న మొహం దిండులోంచి ఎత్తకుండా.

"అయిపాయె."

"అయితె మా అన్నను గూడ జూడుండ్రి. ఆయన ఊపిరితిత్తిల మచ్చ ఉన్నది. నా పేరు మీద ఎక్స్‌రే తీయిస్తె కనవడ్డది."

పోచన్న దిగ్గున లేచాడు. "ఇడువురా చెయ్యి."

"ఇడువ."

"తొక్కుత బిడ్డా!"

"తొక్కు. నీ పేరు మీద నేను మెడికల్‌కు వోను. నువ్వు సస్తాంటె జూస్కుంట నేనీడ పలకలు మొయ్య."

పోచన్న భోజన్నని తిట్టాడు. వాళ్ల అయ్యని, తాతని, ఆ పైవాళ్లనీ వరసపెట్టి తిట్టాడు. తిట్లలో నాకు ఎదురులేదనుకునేవాణ్ణి, ఆ రోజు తల దించుకున్నాను. తిడుతూనే దగ్గాడు, దగ్గుతూనే చెయ్యి గుంజబోయాడు.

"ఆ చెయ్యి గుంజొద్దప్పా," అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "వాని కుట్లు తెగిపోతాయి." కత్తెర పళ్లెంలో పెట్టి, "టీబీకి మందులుండాయి. ఇంటికి పోయి విడవకుండా మింగితే మనిషివవుతావు. ఇక్కడ దాక్కుంటే నువ్వూ పోతావు, గదిలో వీళ్లకీ అంటిస్తావు," అన్నాడు.

రెండు బస్తాలు ఒక్క ఊపున ఎత్తే మనిషి. చెయ్యి విదిలించుకోవడం అతనికి ఒక లెక్క కాదు. అతను భోజన్న వీపు మీది కొత్త కుట్ల వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను ఏడుస్తున్నాను, దాచుకోలేదు.

పోచన్న మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. పట్టుబడిన చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో చొక్కా గుండీలు విప్పుకున్నాడు.